తడి సిమెంటు మీద కోడి అడుగులు

భయం అనే పదార్థం నల్లగా ఉంటుందో తెల్లగా ఉంటుందో తనకింతవరకూ తెలీదనీ, దెయ్యమే ఎదురొస్తే కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి, ఊరూ పేరూ కనుక్కుని సాగనంపుతాననీ బడాయి అనే కుర్రాడు ఆ ఆదివారం పొద్దున్నే ఇల్లంతా వినబడేలా ప్రకటించాడు. ప్రకటించేటప్పుడు వాడు కుర్చీ ఎక్కి నిలబడి ఉన్నాడు. కింద బొద్దింక ఉంది.

"ఇక దిగు, అది పోయింది," అంది అక్క చీపురు గోడకి ఆనిస్తూ.

"పాపం, దానికి దారిచ్చానంతే."

"ఇచ్చావులే. నీ కాళ్ళు వణికి కుర్చీ విరిగేలా ఉంది. దిగు."

వాడికి పెద్దవాళ్ళు పెట్టిన పేరు కాగితాల మీద ఎక్కడో ఉంది గానీ, అందరూ పిలిచేది బడాయి అనే. ఇరవై మూడేళ్ళు. చేతిలో ఉద్యోగం లేదు, గొంతులో మాత్రం విద్య ఉంది. బావలా దగ్గుతాడు. కుక్కర్‌లా కూస్తాడు. పెరటి గుమ్మం వెనక నక్కి కరెంటు బిల్లాయనలా పిలుస్తాడు. అక్క చేతులు తుడుచుకుంటూ పరుగెత్తుకొస్తే "మోసపోయావోచ్!" అంటాడు. అక్క తిడుతుంది. తిట్టాక నవ్వుతుంది.

అక్క వాడికంటే పదకొండేళ్ళు పెద్ద. వాడికి నడక నేర్పింది ఆమే, ముక్కు తుడిచింది ఆమే, బడిలో వాడు చేసిన వెధవ పనులన్నిటికీ సంజాయిషీ చెప్పుకున్నదీ ఆమే. ఎక్కడ ఏ చిక్కొచ్చినా వాడు చేసే పని ఒకటే, వెళ్ళి అక్క వీపు వెనక దూరడం. మిగతాది అక్క చూసుకునేది.

ఈసారి మాత్రం అక్క పక్కకి తప్పుకుంది.

పదిహేనేళ్ళు కుట్టుమిషను ముందు కూర్చుని కూర్చుని ఆమె కళ్ళు దెబ్బతిన్నాయి. సూదిలోకి దారం ఎక్కడం లేదు. రెండు నెలల కిందట ఈ పాత ఇంటికి మారినప్పుడు పెరట్లో కోళ్ళగూడు కనబడింది. మిషను అమ్మేసి యాభై పెట్టలకి చెప్పింది. అవి శుక్రవారం వస్తాయి. ఆలోగా గూడు బాగవ్వాలి, కొత్త నేల వెయ్యాలి, అది ఆరాలి. ఒకసారికి సరిపడా సిమెంటే ఉంది. రెండోసారి వెయ్యడానికి సిమెంటూ లేదు, రోజులూ లేవు.

"గూడు నీదే, కోళ్ళూ నీవే," అంది తమ్ముడితో. "కానీ ముందు ఈ ఒక్క పనైనా 'అక్కా' అని కేకెయ్యకుండా పూర్తి చేసి చూపించు. ఒక్కసారి పిలిచావో, పెట్టల్ని వెనక్కి పంపించేస్తా."

నవ్వుతూనే అంది. కళ్ళద్దాల వెనక కళ్ళు మాత్రం నవ్వలేదు. బడాయి అది చూశాడు. ఈ పని అక్కని పిలవకుండా చెయ్యాలని, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి, నిజంగానే అనుకున్నాడు.

అయితే ఆదివారం పొద్దున్నే దెయ్యాల ప్రసక్తి ఎందుకొచ్చిందీ అంటే, శనివారం గూట్లో కనబడినదాని వల్ల.

గూడంటే చిన్నదేం కాదు. పన్నెండడుగుల పొడవు, ఎనిమిదడుగుల వెడల్పు. నడుమెత్తు ఇటుక గోడ, ఆపైన ఇనుప వల, దాని మీద తుప్పుపట్టిన రేకులు. గుమ్మం ఒక్కటే, అదీ వంగి దూరాలి. లోపల గుడ్లు పెట్టే చెక్క అరలు, కోళ్ళు ఎక్కి పడుకునే కర్రలు. నేల కాంక్రీటు. ఏళ్ళ తరబడి పడిన రెట్ట దాని మీద పెంకు కట్టింది. శనివారమంతా బావా బడాయీ కలిసి దాన్ని పారతో గీకి, నీళ్ళు కొట్టి, ఇనుప బ్రష్షుతో తోమారు. మధ్యాహ్నం దాటాక అసలు నేల బయటపడింది. రెట్టంతా పోయింది గానీ వాసన పోలేదు. తడిసిన ఈకల వాసన. వెచ్చగా ఉంది. ఏళ్ళుగా ఖాళీగా ఉన్న గూట్లో వాసన వెచ్చగా ఎందుకుందో ఇద్దరిలో ఎవరికీ తట్టలేదు.

ఆ నేల మీద అచ్చులున్నాయి. కోడి అడుగులు. ముందుకి మూడు వేళ్ళు, వెనక్కి ఒకటి. సిమెంటు పచ్చిగా ఉన్నప్పుడు ఏదో కోడి నడిచి ఉంటుంది.

"చూశావా బావా, కోడిగారు సంతకం పెట్టి వెళ్ళారు," అన్నాడు బడాయి.

బావ లారీ మెకానిక్కు. రోజుకి పది మాటలు మాట్లాడతాడు, అందులో నాలుగు 'ఊ'లు. జేబులోంచి టేపు తీసి అచ్చుకీ అచ్చుకీ మధ్య పెట్టాడు. నమ్మకం కుదరక మళ్ళీ పెట్టాడు.

"రెండున్నర అడుగులు."

"అయితే?"

"కోడి అంగ జానెడుంటుంది."

"ఏదో తొందర పనుండి ఎగురుకుంటూ పోయిందేమో."

"ఎగిరితే రెండు కాళ్ళూ కలిసి పడతాయి. ఇది ఒకదాని తర్వాత ఒకటి వేసింది." బావ లేచి ఆ అచ్చుల పక్కనే నడిచాడు. గుమ్మం నుంచి లోపలి మూల దాకా. ఆయన అడుగులు ఆ అచ్చులకి సరిగ్గా సరిపోయాయి. కోడి కాళ్ళు... మనిషి నడక.

మూలలో ఆఖరి రెండు అచ్చులూ పక్కపక్కన ఉన్నాయి. మిగతావాటికంటే లోతుగా. అక్కడ ఎవరో చాలాసేపు నిలబడినట్టు. బయటికి వెళ్ళిన అచ్చు ఒక్కటీ లేదు.

సాయంత్రం గోడ మీదుగా పక్కింటి తాతని అడిగాడు బడాయి. తాత ఒకప్పుడు బస్సు డ్రైవరు, ఇప్పటికీ మాట్లాడే ముందు హారన్ కొట్టినట్టు గొంతు సవరించుకుంటాడు.

"మాకు ముందు ఈ ఇంట్లో ఉన్నావిడ కోళ్ళు పెంచేదా తాతా?"

"పెంచేది. ఆ నేల వేయించాక మానేసింది. అప్పట్నుంచే ఆవిడకో వింత పట్టుకుంది. దీపాలు పెట్టే వేళయ్యాక గుమ్మంలో ఎవరు పిలిచినా పలికేది కాదు. రమ్మనేది కాదు, పొమ్మనేది కాదు. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని కూర్చునేది."

"చెవుడేమో."

"పగలు గుసగుస కూడా వినబడేదయ్యా," అన్నాడు తాత. ఇంకేదో అనబోయి, పొద్దుకేసి చూసి, లోపలికి వెళ్ళిపోయాడు.

ఈ కథకి నాలుగు మసాలాలు కలిపి రాత్రి అన్నాల దగ్గర అక్కకి వినిపించాడు బడాయి. అక్క నవ్వింది. పొద్దున కుర్చీ మీంచి ఇచ్చిన ఉపన్యాసం దానికి కొనసాగింపు.

ఇక ఆదివారం సంగతి. మేస్త్రీ "ఇదిగో వస్తున్నా" అంటూ మూడు రోజులుగా వస్తూనే ఉన్నాడు. నాలుగోరోజు ఫోన్ చేసి చేతులెత్తేశాడు.

"చిన్న గూడేగా బాబూ, మీరే వేసుకోండి. పాత నేల తడిపి, సిమెంటు నీళ్ళు పోసి, పైన అంగుళం మందం లాగించెయ్యండి. ఒక్కటి మాత్రం గుర్తు..."

"తెలుసు మేస్త్రీ, తెలుసు. నాకెందుకు తెలీదూ," అని ఫోన్ పెట్టేశాడు బడాయి.

మేస్త్రీ చెప్పబోయింది ఇదీ. నేల లోపలి మూల నుంచి మొదలుపెట్టి, వెనక్కి వెనక్కి జరుగుతూ గుమ్మంలో తేలాలి. ఈ మాట ప్రతి మేస్త్రీకీ తెలుసు, ప్రతి కూలీకీ తెలుసు, ఆమాటకొస్తే ఇల్లు తుడిచే ప్రతివాళ్ళకీ తెలుసు. బడాయి ఎప్పుడూ ఇల్లు తుడవలేదు.

బయట ఎండ మండిపోతోందని సిమెంటూ ఇసుకా మాలు గూట్లోనే, లోపలి మూలలో కలిపారు. కుప్ప అక్కడుంది కాబట్టి అక్కణ్ణుంచి తట్టలతో ఎత్తుకొచ్చి, గుమ్మం దగ్గర మొదలుపెట్టి, కుప్ప వైపు జరగడం సుఖమని వాడికి తోచింది. బావ బయట ఉన్నాడు. పాత వల పీకేసి కొత్త వల బిగిస్తున్నాడు. ఒక్కో మేకూ కొడుతూ, అటూ ఇటూ లాగి చూసుకుంటూ, పిల్లి కాదు కదా ఎలక కూడా దూరకుండా.

"గుమ్మం వైపు నుంచా మొదలెట్టేది?" అని మాత్రం ఒకసారి అడిగాడు.

"మేస్త్రీ చెప్పింది అదే బావా."

"ఊ."

నేల బాగా కుదిరింది. తాపీతో లాగుతుంటే గాజులా వచ్చింది. పాత అచ్చులు ఒక్కొక్కటే బూడిదరంగు ముద్ద కింద కనబడకుండా పోయాయి. బడాయి ఈలవేస్తూ, మోకాళ్ళ మీద వెనక్కి జరుగుతూ, కుప్పంతా ఊడ్చి ఆఖరి తట్ట కూడా పరిచి, చదును చేసి, నడుం పట్టుకుని లేచాడు.

ముందు తడి నేల. అటు తడి నేల. ఇటు తడి నేల. వెనక గోడ, పైన మేకులన్నీ బిగించిన కొత్త వల. కుప్ప ఉన్న చోట రెండడుగుల పాత నేల మాత్రం మిగిలింది. ఆ రెండడుగుల్లో వాడు.

వల అవతల నుంచి బావ చాలాసేపు చూశాడు. ఆ రోజు కోటా మాటలన్నీ అయిపోయినట్టున్నాయి. చివరికి, "ఎలా వస్తావ్?" అన్నాడు.

"అదే ఆలోచిస్తున్నా."

"వల పీకనా?"

"వద్దొద్దు. రెండొందల మేకులు కొట్టావు."

"నడిచొచ్చెయ్. తర్వాత సర్దుదాం."

"అడుగడుక్కీ దిగబడుతుంది బావా. పన్నెండడుగులూ పాడవుతుంది. కలిపింది బిగుస్తోంది, ఇక సర్దడమేంటి?"

బావ తల గోక్కున్నాడు. "మా లారీ షెడ్డులో పొడుగు చెక్క ఉంది. ఇక్కణ్ణుంచి అక్కడికి వేస్తే దాని మీద నడిచి రావచ్చు. తెస్తా. కదలకు."

"ఎక్కడికి కదులుతాను?"

బావ సైకిలు చప్పుడు వీధి మలుపు దాకా వినబడి ఆగిపోయింది.

పొద్దు గూట్లోంచి ముందు వెళ్ళిపోయింది, ఆకాశంలోంచి తర్వాత. తడి సిమెంటు మాత్రం ఇంకా మెరుస్తోంది. మిగిలిన కాస్త వెలుతురూ వచ్చి దాని మీద వాలినట్టు. పెరటికి అటువైపు వంటింటి కిటికీలో దీపం వెలిగింది. అక్క గిన్నెలు సర్దుతున్న చప్పుడు. ఒక్క కేక చాలు, వచ్చేస్తుంది. బడాయి పెదాలు బిగించాడు. ఈ ఒక్కసారికి పిలవకూడదు.

ధైర్యానికి ఒక పాట ఎత్తుకున్నాడు. రెండో లైను గుర్తురాలేదు. ఆపేశాడు.

వాసన వచ్చింది. ముందు సిమెంటు వాసన, దాని కింద నుంచి మెల్లగా ఇంకొకటి. తడిసిన ఈకలు. ఎవరో దుప్పటి ఎత్తినప్పుడు తగిలే ఆవిరిలా... వెచ్చగా.

క్... క్ర్‌ర్... క్ర్‌ర్...

పొదిగే పెట్ట గొంతులోనే నొక్కి చేసే కూత. గుమ్మం బయట నుంచి. తాత కోడి ఇటొచ్చిందేమో అనుకున్నాడు. మరుక్షణం గుర్తొచ్చింది. తాతకి కోళ్ళు లేవు.

"బావా..." అన్నాడు నెమ్మదిగా. "బావా, నువ్వేనా?"

కూత ఆగింది.

తప్.

గుమ్మం లోపల, తడి సిమెంటు మీద, ఏదో పడిన చప్పుడు. ఆకు రాలినంత చిన్నది. కళ్ళు చికిలించి చూశాడు. మెరుస్తున్న నేల మీద ఒక నల్లటి గుర్తు. ఇందాక లేదు. ముందుకి మూడు వేళ్ళు... వెనక్కి ఒకటి.

దాని మీద ఏమీ లేదు. కోడి లేదు. ఎవరూ లేరు.

తప్.

రెండోది. మొదటిదానికి రెండున్నర అడుగుల ఇవతల.

వాడు గోడకి ఆనుకున్నాడు. ఇంకా వెనక్కి వెళ్ళాలని చూశాడు. వెనక్కి ఏముంది, గోడ. కొత్త వల వేళ్ళతో పట్టుకుని లాగాడు. కదల్లేదు. బావ పనిమంతుడు.

ఎందుకో కాళ్ళకేసి చూసుకున్నాడు. వెయ్యకుండా మిగిలిన ఆ రెండడుగుల పాత నేల. అందులో పక్కపక్కన రెండు లోతైన అచ్చులు. వాడి కాళ్ళు రెండూ సరిగ్గా వాటి మీదే ఉన్నాయి.

తప్.

మూడోది. తీరిగ్గా. తొందరేం లేనట్టు. తన చోటికి తాను వస్తున్నట్టు...

వంటింట్లో గిన్నె కింద పడింది. "అబ్బ!" అంది అక్క. ఆ గొంతు ఎంత దగ్గరగా వినబడిందో! వాడి నోరు తెరుచుకుంది. 'అ' అనే అక్షరం నాలుక చివర దాకా వచ్చింది. మింగేశాడు.

తప్.

నాలుగోది. వాడికి ఒక్క అంగ దూరంలో. ఇక మిగిలింది ఆ ఒక్క అడుగే. ముఖానికి వెచ్చగా ఏదో తగిలింది... ఊపిరి. ఈకల వాసన. వాడి ముఖం ఎత్తులోంచి, ముఖానికి ఎదురుగా, మెల్లగా...

క్ర్‌ర్... ర్... రా... నా?

కూత కాదు. మాట.

"రానా?"

బడాయి కళ్ళు మూసుకున్నాడు. ఏదో అన్నాడు. రెండే రెండు మాటలు, గొణిగినట్టు. ఏమన్నాడో ఇక్కడ చెప్పడం కుదరదు. అది వాడే చెప్పాలి. చెప్పడానికి వాడికి పదిరోజులు పట్టింది.

వాసన తగ్గింది. కళ్ళు తెరిచాడు. నాలుగో అచ్చు పక్కనే ఇంకొకటి ఉంది. దాని వేళ్ళు గుమ్మం వైపు తిరిగి ఉన్నాయి. తర్వాతది ఇంకాస్త దూరంలో. ఆ తర్వాతది గుమ్మం దగ్గర.

వచ్చినది వెళ్ళిపోయింది. బయటికి.

బావ చెక్కతో వచ్చి టార్చి వేశాడు. నేలంతా చూశాడు.

"పుల్లతో గీశావా?"

"నేను కాదు బావా. ఒట్టు."

"గుమ్మం దాకా నీ చెయ్యి ఎలా అందింది?"

"అదే కదా నేననేది!"

బావ చెయ్యి జేబులో టేపు దాకా వెళ్ళింది. తియ్యలేదు. కొలిస్తే ఎంత వస్తుందో ఆయనకి తెలిసినట్టుంది. చెక్క వేశాడు. దాని మీద పాక్కుంటూ బయటికొచ్చిన బావమరిదిని నిలబెట్టి, తాపీ తీసుకుని, అదే చెక్క మీద బోర్లా పడుకుని, అచ్చులన్నీ ఒక్కొక్కటే చెరిపేశాడు. మూలలో మిగిలిన ముక్క మీద కూడా తట్ట గీకి కప్పేశాడు. 'ఊ' కూడా అనలేదు.

శుక్రవారం పెట్టలు వచ్చాయి. బడాయి గుండె చేత్తో పట్టుకుని గూటి తలుపు తీశాడు. యాభై పెట్టలూ కబుర్లాడుకుంటూ లోపలికి నడిచి, కర్రలెక్కి, ఆ సాయంత్రమే అక్కడ పుట్టి పెరిగినట్టు సర్దుకుని పడుకున్నాయి. గూట్లో మేత వాసన, కొత్త సిమెంటు వాసన. ఇంకే వాసనా లేదు. రేపోమాపో గుడ్లు మొదలవుతాయంది అక్క. నేల మీద చెయ్యి పెట్టి రాసి చూసి, "అద్దంలా వేశావురా," అంది. "నన్ను పిలవకుండా చేశావు. చూశావా, చెయ్యగలవు."

బడాయి ఆ పొగడ్తకి పొంగిపోలేదు. చెప్పులకేసి చూస్తూ నిలబడ్డాడు. వీడికి జ్వరమేమోనని అక్క నుదురు తాకి చూసింది.

పదోరోజు, బుధవారం, దీపాలు పెట్టే వేళ. కోళ్ళని గూట్లోకి తోలి తలుపేసి, చేతులు కడుక్కుని బడాయి పెరటి గుమ్మంలోకి వచ్చాడు. అక్క వంటిల్లు అప్పుడే తుడిచి, పొయ్యి దగ్గర అటు తిరిగి నిలబడి కూర కలుపుతోంది.

"వచ్చావా? నీతో ఒక మాట చెప్పాలి. ఇక చాలించరా నీ వేషాలు," అంది తిరక్కుండానే.

"ఏ వేషాలు?"

"ఏమీ ఎరగనట్టు! నువ్వు నేల వేసిన మర్నాటి నుంచీ చూస్తున్నా. చీకటి పడేసరికి పెరటి గుమ్మంలో చేరి, పెట్ట గొంతు పెట్టి 'రానా... రానా...' అంటూ నస. తాత చెప్పిన కథ పట్టుకుని నన్ను హడలగొడదామనే కదా? ఎనిమిది రోజులు 'వద్దు, పనిలో ఉన్నా, పో' అంటూనే ఉన్నా. నిన్న పాలు పొంగిపోతుంటే ఒళ్ళు మండి, 'రా, వచ్చి చావు' అన్నాను. అంతే, ఇవాళ చప్పుడు లేదు. ఏం, రమ్మంటే సరదా తీరిపోయిందా?"

బడాయి గడప దాటలేదు. నేలకేసి చూస్తున్నాడు.

తడి ఇంకా ఆరని గచ్చు మీద, గడప లోపల, బూడిదరంగు గుర్తు ఒకటి. ముందుకి మూడు వేళ్ళు. రెండున్నర అడుగుల అవతల ఇంకొకటి. ఆ తర్వాత అక్క వెనక, ఆమె మడమలకి జానెడు దూరంలో, రెండు... పక్కపక్కన. చుట్టూ గచ్చు తడిగా మెరుస్తోంది. ఆ రెంటి కింద మాత్రం పొడిగా ఆరిపోయింది. తుడిచినప్పటి నుంచీ అక్కడే ఎవరో నిలబడినట్టు.

"అక్కా," అన్నాడు. "అక్కా... అది నేను కాదు."

"మరెవర్రా?" అంది అక్క. గరిటె ఆగింది. "ఒరే... ఇటు రా. ఇక్కడేంటి, ఇంత వేడిగా ఉంది?"

వాడు కదల్లేదు. ఇరవై మూడేళ్ళు వచ్చిన మగాడు, దెయ్యానికి మంచినీళ్ళిచ్చి ఊరూ పేరూ అడుగుతానన్నవాడు, గడప అవతల నిలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చేస్తున్నాడు.

"ఆ రోజు గూట్లో నన్నూ అడిగిందక్కా. రానా అని. నేను... పిలవలేదక్కా నిన్ను, ఒట్టు, పిలవలేదు. కానీ... 'అక్కని అడుగు' అన్నాను."